గుడిని తరలించారు, ఊళ్లను కూల్చారు

మానవపాడు పక్కనున్న ఆలంపూర్‌లో కూడవెల్లి సంగమేశ్వరాలయం చూసేవాళ్లలో చాలామందికి ఆ గుడి అక్కడిది కాదని తెలియదు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట, శ్రీశైలం జలాశయం ముంపులో పోవాల్సిన ఆ చాళుక్యుల కట్టడాన్ని రాయి రాయీ విప్పి తెచ్చి మళ్లీ పేర్చారు. మెచ్చుకోవాల్సిన పనే. అదే జలాశయం కోసం 1981లో వందకు పైగా ఊళ్లను ప్రభుత్వమే కూల్చివేత కార్యక్రమం పెట్టి ఖాళీ చేయించింది. లక్ష మంది దాకా కదిలారు. గుడికి దొరికిన ఓపిక ఇళ్లకు దొరకలేదు.

అప్పటికి ఏడాది ముందే, 1980 ఫిబ్రవరిలో, ఆనకట్టలకు అప్పులిచ్చే ప్రపంచ బ్యాంకు నిర్వాసితుల గురించి తన మొదటి నియమం రాసుకుంది. మానవ హక్కుల్ని కాలరాసే ప్రభుత్వాలకు సాయం ఆపాలని అమెరికా 1975లోనే హార్కిన్ సవరణతో చట్టం చేసింది. పేదలకు నేరుగా అందే సాయాన్ని మినహాయించింది. కానీ ఆ చట్టం చిత్రహింసల్నీ, అభియోగం లేని దీర్ఘ నిర్బంధాన్నీ పేరుపెట్టి చెప్పింది తప్ప, ఆనకట్ట కింద మునిగే ఇంటి ఊసెత్తలేదు.

ఆ ఊసు గట్టిగా వినపడింది నర్మదలోనే. ఆ నది మీది సర్దార్ సరోవర్ ఆనకట్టకు 1985లో 45 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చిన బ్యాంకు, ఆందోళనల వల్ల 1991లో బ్రాడ్‌ఫోర్డ్ మోర్స్ నాయకత్వాన స్వతంత్ర సమీక్ష వేసింది. ఉన్న పరిస్థితుల్లో అందరికీ పునరావాసం సాధ్యం కాదనీ, బ్యాంకు వెనక్కి తగ్గాలనీ 1992 జూన్‌లో ఆ నివేదిక తేల్చింది. బ్యాంకు వెంటనే తప్పుకోలేదు, షరతులు పెట్టింది. 1993 మార్చిలో భారత ప్రభుత్వమే మిగిలిన 17 కోట్ల డాలర్లు వద్దంది. ఆనకట్టను దేశంలోని డబ్బుతోనే కట్టారు. 2017లో జాతికి అంకితం చేశారు.

మన ఆనకట్ట మీద వాషింగ్టన్ పెత్తనం ఏమిటన్న అభ్యంతరంలో పస ఉంది. అయితే అప్పిచ్చినవాడికి తన డబ్బు ఏం చేస్తోందని అడిగే బాధ్యత ఉండదా? అసలు లోపం మరోచోట ఉంది: షరతు డబ్బు ఉన్నంతవరకే నడుస్తుంది, డబ్బు వద్దంటే హక్కూ పోతుంది. నర్మద వల్ల ఒక మేలు జరిగింది. నష్టపోయినవాళ్లే నేరుగా ఫిర్యాదు చేసే తనిఖీ మండలిని 1993లో బ్యాంకు పెట్టుకుంది. అయినా హక్కు నిలబడాల్సింది ఇక్కడి చట్టంలో. శ్రీశైలం నిర్వాసితులకు ఉద్యోగాలంటూ 1986లో జీవో 98 వచ్చింది. అది జీవో మాత్రమే. పునరావాసం భూసేకరణ చట్టంలోకి వచ్చింది 2013లో, ఆ ఊళ్లు కూలిన 32 ఏళ్లకు.