రాయబారం సీను, ఫ్రెంచి పెట్టె

మొన్నామధ్య దసరా రోజుల్లో మా భవానీపురంలో రాయబారం సీను వేశారు. కృష్ణుడు వేషధారి రాగం తీస్తుంటే ముందు వరసల్లోంచి "ఒన్స్‌మోర్!" అని కేకలు. అంతకుముందు ఒక కుర్రాడు కీబోర్డు మీద ఏదో వాయించబోతే పక్కనున్న పెద్దాయన కసురుకున్నారు. "పరాయి వాయిద్యాలొద్దు బాబూ, ఇది మన ప్రాచీన కళ" అని. ఆ మాట అన్నది హార్మోనియం పక్కన కూర్చుని!

పెద్దాయనకి ఎదురు చెప్పలేదు గానీ, ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. హార్మోనియం 1840లలో పారిస్‌లో పేటెంటు అయిన పెట్టె. పరాయిదనే మన ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని గుమ్మం బయట నిలబెట్టింది. ఇక ఆ రంగుల తెరలు, ముందు మాత్రమే తెరిచి ఉండే స్టేజీ, టిక్కెట్టు పెట్టి ఆడించడం? అవి బొంబాయికొచ్చిన ఇంగ్లీషు కంపెనీల్ని చూసి పార్సీవాళ్ళు పట్టుకున్నవి. వాళ్ళ నుంచి మరాఠీ, ధార్వాడ కంపెనీలకి, అక్కణ్ణుంచి మనకి. "ఒన్స్‌మోర్" సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ధార్వాడ వాళ్ళు 1880 ప్రాంతంలో కోస్తా ఊళ్ళలో హిందుస్తానీ నాటకాలు ఆడారు. అదే ఏడాది రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో 'వ్యవహార ధర్మబోధిని' వేయించారు. మన బందరులో ఇంకా తమాషా జరిగింది. నాదెళ్ళ పురుషోత్తమకవి ఏకంగా 32 హిందుస్తానీ నాటకాలు రాశారు, అదీ తెలుగు లిపిలో! నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. భాష వాళ్ళది, అక్షరాలు మనవి, ఆడేది బందరు కుర్రాళ్ళు. మా సాఫ్టువేరు వాళ్ళ లెక్కలో చెప్పాలంటే, ముందు కోడు మొత్తం కాపీ కొట్టి నడిపి చూశారు, మార్చుకోవడం తర్వాత.

ఆ మార్పు ఏమిటంటే పద్యం. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పాటలూ పద్యాలూ పాడించారు. బందరు హైస్కూల్లో పాఠాలు చెప్పిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి పాండవ నాటకాలు రాశాక, బడికెళ్ళని రైతు కూడా పొలంగట్టు మీద రాయబారం పద్యాలు ఎత్తుకున్నాడు. ఇంగ్లీషు తెరకీ పార్సీ పెట్టెకీ ఈ పని చేతకాదు.

ఇలా జరిగింది మనకొక్కరికే కాదు. ఫిలిప్పీన్స్‌లో స్పెయిన్ వాళ్ళ పాటల నాటకం సార్సువేలా దిగింది. కొన్నేళ్ళకే దాన్ని తగాలోగు భాషలోకి లాక్కున్నారు. 1902లో సెవెరినో రెయెస్ రాసిన 'వలాంగ్ సుగత్' స్పెయిన్ సన్యాసుల అకృత్యాల మీదే. అంటే ఎవరు నేర్పారో వాళ్ళమీదే తిప్పారన్నమాట. మనవాళ్ళూ తక్కువేం తినలేదు. దామరాజు పుండరీకాక్షుడు జలియన్‌వాలాబాగ్ మీద రాసిన 'పాంచాల పరాభవం' నాటకాన్ని తెల్లదొరలు నిషేధించారు.

అయితే దీనికి మూల్యం కూడా ఉంది, అది ఎవరూ మాట్లాడరు. డేరా వచ్చాక జనం అటు నడిచారు. తోలుబొమ్మలవాళ్ళకీ, ఊరి మధ్య దివిటీల వెలుగులో ఆడే వీధి భాగవతులకీ దన్ను తగ్గింది. నిజంగా ప్రాచీనం అనదగ్గవి అవి. వాటిని పక్కకి నెట్టినదాన్ని ఇప్పుడు ప్రాచీనం అంటున్నాం.

పూర్తిగా తెగిపోయిందనీ అనను. ఇక్కడికి గంటన్నర దూరంలోని కూచిపూడిలో మగవాళ్ళే జడ వేసుకుని భామాకలాపం ఆడేవారు. బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావు 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా జనాన్ని ఊపేసి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తెర కొత్తది, భామ పాతదే.

అన్నట్టు, ఆ కీబోర్డు కుర్రాడు మంగళహారతి పాడేటప్పుడు మెల్లిగా శ్రుతి కలిపాడు. పెద్దాయన గమనించలేదో, గమనించి ఊరుకున్నారో మరి.