అమ్మ మడమ, మైనస్ 2.8: ఎముకల స్కాన్ వెనక ఉన్న కథ

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క నంబర్ గురించే. మైనస్ 2.8.

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉచిత ఎముకల పరీక్ష అని క్యాంపు పెట్టారు. అమ్మకి 56 ఏళ్లు. చిన్న మిషన్‌లో మడమ పెట్టమన్నారు, రెండు నిమిషాల్లో స్లిప్ ఇచ్చేశారు. టీ-స్కోర్ మైనస్ 2.8, చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. "ఎముకలు గుల్లబారిపోయాయమ్మా" అని చెప్పి, ఆరు నెలలకి సరిపడా పౌడర్ డబ్బాలు అంటగట్టారు.

ఆ మర్నాటి నుంచి అమ్మ వాకింగ్ మానేసింది. మెట్లెక్కడం మానేసింది. "పడితే ఇక మంచమే నాన్నా" అనేది. డబ్బాలకి పోయిన డబ్బు కంటే ఆ భయమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఒక అలవాటు పట్టుకుంది. నంబర్ కనిపిస్తే, ఇది ఎలా కొలిచారు, దేంతో పోల్చారు అని అడగడం. ఈ మైనస్ 2.8ని అలా అడుగుతూ పోతే దాదాపు 200 ఏళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

ఆస్టియోపొరోసిస్ అనే పేరు పెట్టింది 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో పనిచేసిన పాథాలజిస్ట్ లోబ్‌స్టైన్. కొందరి ఎముకల్లో రంధ్రాలు మామూలు కంటే పెద్దవిగా ఉన్నాయని ఆయన గమనించాడు. అయితే ఆయన చూసింది చనిపోయినవాళ్ల ఎముకల్ని. తర్వాత 1941లో, బోస్టన్‌లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే డాక్టర్ అసలు లింకు పట్టుకున్నాడు. ఇలా వెన్నుపూసలు కుంగిపోయి వస్తున్నవాళ్లలో ఎక్కువమంది నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లే. ఈస్ట్రోజెన్ తగ్గాక ఎముక కరుగుతోందని చెప్పాడు.

కారణం తెలిసింది, మరి కొలిచేదెలా? మామూలు ఎక్స్‌రేలో తేడా కనబడాలంటే ఎముకలో ఖనిజం దాదాపు 30 శాతం పోయి ఉండాలి. అంటే అలారం మోగేసరికి ఇల్లు సగం కాలిపోయినట్టే.

1963లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో జాన్ కామెరాన్, జేమ్స్ సోరెన్సన్ ఒక సింపుల్ పని చేశారు. ముంజేతికి ఒకవైపు రేడియోధార్మిక అయోడిన్, రెండోవైపు డిటెక్టర్. కిరణాలు ఎన్ని బయల్దేరాయి, ఎన్ని దాటి వచ్చాయి? ఆ తేడాని బట్టి ఎముకలో ఖనిజం ఎంతుందో లెక్క. బతికున్న మనిషిలో, నొప్పి లేకుండా. 1987లో హోలాజిక్ అనే అమెరికన్ కంపెనీ అయోడిన్‌కి బదులు రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు వాడే మిషన్ తెచ్చింది. అదే ఇప్పటి డెక్సా స్కాన్. కండనీ ఎముకనీ విడదీసి చూస్తుంది కాబట్టి వెన్ను, తుంటి కూడా కొలవొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. స్కోర్ వచ్చింది, గీత ఎక్కడ గీయాలి? 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం మైనస్ 2.5 దగ్గర గీసింది. టీ-స్కోర్ అంటే యవ్వనంలో ఉన్న ఆడవాళ్ల సగటు కంటే మీరు ఎంత దూరంలో ఉన్నారన్నది. ఆ యువతులు ఎవరు? తెల్లజాతి ఆడవాళ్లు. పైగా ఆ గీత మొదట గీసింది ఏ దేశంలో ఎంతమందికి ఈ సమస్య ఉందో లెక్కపెట్టడానికి. ఒక మనిషికి మందు వేయాలా వద్దా అని తేల్చడానికి కాదు. ఇంకోటి, డెక్సా ఎముక మందాన్ని చూడదు, నీడ వైశాల్యాన్నే చూస్తుంది. అందుకే చిన్న ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్లకి స్కోర్ కాస్త తక్కువగా పడుతుంది. మన దేశానికి సొంత పోలిక ఉండాలనే 2010లో ఐసీఎంఆర్ భారతీయుల కొలతలు ప్రచురించింది.

మరి సాంద్రత పెరిగితే బలం పెరిగినట్టేనా? దీనికి జవాబు మన నేల మీదే ఉంది. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ని డాక్టర్లు రికార్డు చేశారు. ఆ తర్వాత నల్గొండ కథ మనందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల ఎముకలు ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తాయి, కానీ పెళుసు. అయినా ఆ దట్టం చూసి ఆస్టియోపొరోసిస్‌కి ఫ్లోరైడ్‌నే మందుగా వాడి చూశారు. 1990లో మేయో క్లినిక్ ట్రయల్ ఫలితం వచ్చింది. నాలుగేళ్లలో నడుము ఎముకల సాంద్రత 35 శాతం పెరిగింది. కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. నంబర్ గెలిచింది, ఎముక ఓడిపోయింది.

ఇదంతా చదివాక అమ్మని ఒప్పించి ప్రైవేట్‌లో ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరకి తీసుకెళ్లాను. ఆవిడ క్యాంపు స్లిప్ పక్కన పెట్టేశారు. మడమ మీద పెట్టేది అల్ట్రాసౌండ్ అట, మైనస్ 2.5 గీత దానికి వర్తించదట. తర్వాత అడిగిన ప్రశ్న, "అమ్మా, ఎప్పుడైనా ఎముక విరిగిందా?"

విరిగింది. రెండేళ్ల కిందట తడి వరండాలో జారి మణికట్టు. కట్టు కట్టారు, విప్పారు. ఎందుకు విరిగిందని అప్పుడు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

డెక్సాలో వెన్ను మైనస్ 2.1, తుంటి మైనస్ 1.7 వచ్చాయి. నేను హమ్మయ్య అనుకున్నాను. డాక్టర్ మాత్రం అనుకోలేదు. నిలబడ్డ ఎత్తు నుంచి పడి ఎముక విరిగిందంటే అదే పెద్ద సంకేతం అన్నారు. 2008లో షెఫీల్డ్ యూనివర్సిటీ తెచ్చిన ఫ్రాక్స్ లెక్కలో వయసు, బరువు, పాత ఫ్రాక్చర్, అమ్మానాన్నల తుంటి ఫ్రాక్చర్, స్టెరాయిడ్ల వాడకం అన్నీ వేసి, రాబోయే పదేళ్లలో విరిగే అవకాశం చూశారు. రక్త పరీక్షలు చేయించి, మందు మొదలుపెట్టారు. వాకింగ్ మానొద్దని గట్టిగా చెప్పారు. ఎముక మీద బరువు పడకపోతే అది ఇంకా బలహీనపడుతుంది.

అంటే క్యాంపు స్లిప్ తప్పుగా భయపెట్టింది, నా హమ్మయ్య కూడా తప్పే. రెండుసార్లూ మేం నంబర్‌నే చూశాం, మనిషిని చూడలేదు.

మీ ఇంట్లో అమ్మో, అమ్మమ్మో, నాయనమ్మో ఇలాంటి స్లిప్ తెస్తే మూడు అడగండి. ఏ మిషన్‌తో, ఏ ఎముక మీద కొలిచారు? ఎవరితో పోల్చారు? ఇంతకుముందు ఏదైనా విరిగిందా? మళ్లీ స్కాన్ తీయిస్తే అదే మిషన్ మీద తీయించండి, లేకపోతే పోలిక కుదరదు.

అమ్మ ఇప్పుడు మెట్లెక్కుతోంది, రెయిలింగ్ పట్టుకుని. పౌడర్ డబ్బాలు అటక మీద ఉన్నాయి.