తాళం తీసినా తిరిగే ఫ్యాన్

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పుకున్న మాటలే ఇవి, చదవడానికి వీలుగా కొంచెం సర్ది రాశాం. డ్యూటీలో ఉండి వినలేకపోయిన అన్నలు, తమ్ముళ్ళు బ్రేక్‌లో చదువుకోండి.

గల్ఫ్‌లో హౌస్ డ్రైవర్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "బండి ఆపి తాళం తీసేశాను, బానెట్ కింద ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. ఏం చెయ్యాలి?" దీని వెనక భయం ఏంటో మనకి తెలుసు. తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. పిల్లల్ని స్కూలుకి దింపే టైముకి సెల్ఫ్ పలకదు. బాబా కోపం మన మీద, ఒక్కోచోట బిల్లు కూడా మన జీతంలోంచే. అందుకని చాలామంది ఫ్యాన్ సాకెట్ పీకేస్తారు. ఆ రాత్రికి బ్యాటరీ బతుకుతుంది. మర్నాడు మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇంజిన్ ఉడికిపోతుంది.

పీకే ముందు అసలు ఆ ఫ్యాన్ అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకుంటే మేలు. ఏ కాలం బండికి ఆ కాలపు జబ్బే ఉంటుంది.

మొదటి కార్లకి ఫ్యాన్ లేదు, ఇప్పుడు మనం చూసే రేడియేటరూ లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండిలో ఇంజిన్ చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరయ్యేవి, ఆవిరితో పాటే వేడీ పోయేది. పొయ్యి మీద ఎసరు మరిగినట్టే. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి, 100 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఆ బండిలోనే వెళ్ళింది. దారి పొడుగునా నీళ్ళు వెతుక్కుంటూ, పోసుకుంటూ.

ఆ బాధ తీర్చినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900 చివర్లో బయటికి వచ్చిన మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారుకి ఆయన తేనెపట్టు లాంటి రేడియేటర్ చేశాడు. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 పక్కపక్కన పేర్చి, వాటి మధ్య సందుల్లో నీళ్ళు తిప్పి, గొట్టాల్లోంచి గాలి పోనిచ్చాడు. బండి నెమ్మదిగా పోయేటప్పుడు గాలి చాలదని వెనక ఒక ఫ్యాన్ కూడా పెట్టాడు. మనం ఇవాళ బానెట్ ఎత్తితే కనపడేదానికి ఇదే పెద్ద తాత.

తర్వాత చాలా దశాబ్దాల పాటు ఫ్యాన్‌ని ఇంజిన్‌కే బెల్టుతో కట్టారు. ఇంజిన్ తిరిగితే ఫ్యాన్ తిరుగుతుంది, ఇంజిన్ ఆగితే ఆగుతుంది. ఫోర్డ్ మోడల్ టీ అంతే, మన అంబాసిడర్ కూడా మొదట్లో అంతే. ఆ రోజుల్లో "ఫ్యాన్ ఆగట్లేదు" అనే ఫిర్యాదు ఎవరూ చేసి ఉండరు, ఎందుకంటే ఆగకపోవడమే దాని పని. కానీ ఇందులో ఒక తిరకాసు ఉంది. బండి ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు గాలి బాగా కావాలి, అప్పుడేమో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, ఫ్యాన్ కూడా నీరసంగా తిరుగుతుంది. హైవే మీద ఎదురుగాలే సరిపోతుంది, అప్పుడేమో ఫ్యాన్ పిచ్చెక్కినట్టు తిరిగి పెట్రోలు తినేస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు మధ్యలో బానెట్ ఎత్తి, నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడ్డ అంబాసిడర్ డ్రైవర్లని మన పెద్దవాళ్ళు చూసే ఉంటారు.

బెల్టు ఉంచుకుంటూనే దీనికి వెతికిన ఒక ఉపాయం ఫ్యాన్ క్లచ్. మధ్యలో చిక్కటి సిలికాన్ ద్రవం, ముందు వేడికి వంగే ఒక లోహపు చుట్ట. వేడెక్కితే క్లచ్ పట్టుకుంటుంది, చల్లబడితే జారుతుంది. మీరు నడిపేది హైలక్సో, లాండ్ క్రూజరో అయితే ఇది ఉండే అవకాశం ఎక్కువ. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు హోరుమంటే కంగారు వద్దు, రాత్రంతా ఆ ద్రవం సర్దుకోవడం వల్ల వచ్చే చప్పుడది. రోజంతా, హైవే మీద కూడా, అదే హోరు ఉంటే క్లచ్ బిగుసుకుపోయినట్టు. ఇంజిన్ చల్లారాక, ఆపి ఉన్నప్పుడు చేత్తో తిప్పి చూడండి. కొంచెం బరువుగా తిరిగితే బాగున్నట్టే. బెల్టు ఫ్యాన్ కాబట్టి తాళం తీశాక మాత్రం ఇది తిరగదు. (కరెంటు ఫ్యాన్‌తో ఈ చేతి పరీక్ష ఎప్పుడూ చెయ్యకండి. ఇంజిన్ ఆగి ఉన్నా అది ఒక్కసారిగా లేస్తుంది, వేళ్ళు పోతాయి.)

అసలు మలుపు ఇంజిన్‌ని అడ్డంగా పెట్టడంతో వచ్చింది. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీలో చోటు మిగల్చడానికి ఇంజిన్ అడ్డంగా పెట్టారు. దాంతో ఫ్యాన్ బెల్టు ముందువైపు కాకుండా పక్కకి తిరిగింది. వాళ్ళు రేడియేటర్‌ని కూడా పక్కకే, చక్రం వైపు పెట్టేసి సరిపెట్టుకున్నారు. 1969లో ఫియట్ 128 చేసిన డాంటే జాకోసా బృందం ఇంకో దారి పట్టింది. రేడియేటర్‌ని ముందే ఉంచి, ఫ్యాన్‌ని బెల్టు నుంచి విడదీసి కరెంటు మోటారు ఇచ్చారు, వేడికి పనిచేసే స్విచ్‌తో. తర్వాత చిన్న కార్లన్నీ దాదాపు ఇదే బాట పట్టాయి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 దగ్గర్నుంచి మన ఇళ్ళల్లోకీ ఈ పద్ధతే వచ్చింది.

ఇప్పుడు గమనించండి. ఫ్యాన్‌కి ఇంజిన్‌తో సంబంధం తెగింది కాబట్టే, ఇంజిన్ ఆగాక కూడా తిరగడం అనేది మొదటిసారి సాధ్యమైంది. అది కావాలని చేసిందే. ఇంజిన్ ఆపగానే నీళ్ళ పంపు ఆగుతుంది, కానీ ఇనుములో వేడి ఎక్కడికి పోతుంది? ఆ కదలని నీళ్ళలోకే దిగుతుంది, కాసేపు ఉష్ణోగ్రత ఇంకా పెరుగుతుంది. అందుకే చాలా బండ్లలో ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరిగి దానంతట అదే ఆగుతుంది. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. పది నిమిషాల లోపు ఆగిపోతే సాధారణంగా అది జబ్బు కాదు.

ఆగకపోతే మొదటి అనుమానం రిలే మీద. చిన్న అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా, బానెట్ కింద ఫ్యూజుల పెట్టెలో ఉంటుంది. చాలావాటి కాళ్ళ మీద 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. 85, 86కి చిన్న కరెంటు వస్తే లోపల ఒక రేకు కదిలి 30నీ 87నీ కలుపుతుంది, ఫ్యాన్‌కి పెద్ద కరెంటు పోతుంది. ఏళ్ళ తరబడి నిప్పురవ్వలు తిన్న ఆ రేకు ఒకరోజు అతుక్కుపోతుంది. ఇక తాళం తీసినా, కూలెంట్ చల్లారినా ఫ్యాన్ ఆగదు. పక్కనే అదే నంబరున్న హారన్ రిలే ఉంటే, తాళం తీసి ఉండగా రెండూ మార్చి చూడండి. ఫ్యాన్ ఆగిందా, దొంగ దొరికాడు. రిలే పూర్తిగా తీసేసినా తిరుగుతుంటే వైరింగ్‌లో గానీ ఫ్యాన్ కంట్రోల్ మాడ్యూల్‌లో గానీ ఉంది, అది గ్యారేజీ పని.

రెండో అనుమానం నాకు చాలా ఇష్టమైన భాగం. ఫ్యాన్ బాధ్యత స్విచ్ నుంచి కంప్యూటర్‌కి మారినప్పుడు ఇంజనీర్లకి ఒక ప్రశ్న ఎదురైంది. కూలెంట్ వేడి చెప్పే సెన్సర్ వేడెక్కేకొద్దీ తక్కువ నిరోధం చూపిస్తుంది. దాని వైరు తెగితే నిరోధం అంతులేకుండా పెరుగుతుంది, కంప్యూటర్‌కి మైనస్ 40 డిగ్రీలు ఉన్నట్టు కనపడుతుంది. తెలివితక్కువ కంప్యూటర్ అయితే "అబ్బో, గడ్డకట్టే చలి" అనుకుని ఫ్యాన్ ఆపేస్తుంది, ఇంజిన్ కాలిపోతుంది. అందుకని చాలా కంపెనీలు ఇలా రాశాయి: సెన్సర్ మాట నమ్మేలా లేకపోతే ఫ్యాన్ ఆపకు, తిప్పుతూనే ఉండు, చెక్ ఇంజిన్ లైటు వెలిగించు. బ్యాటరీ పోతే పోయింది, ఇంజిన్ దక్కాలి. అంటే ఇక్కడ ఆగని ఫ్యాన్ జబ్బు కాదు, పక్కనే ఉన్న ఇంకో జబ్బు మీద కాపలా. స్కానర్ పెడితే పి0117 గానీ పి0118 గానీ వస్తే చూడాల్సింది ఆ సెన్సర్‌నీ దాని వైరునీ. ఫ్యాన్ మోటారు మార్చమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, తిరుగుతున్న మోటారు బాగున్నట్టే కదా.

ఏసీ సంగతి గల్ఫ్‌లో వేరేగా చెప్పాలి. ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది, దానికీ ఇదే గాలి. ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాల్సిందే. పైగా రేడియేటర్ బతికేది తేడా మీద. కూలెంట్ 95 డిగ్రీలు ఉందనుకోండి, బయట 25 అయితే తేడా 70. బయట 50 అయితే తేడా 45 మాత్రమే. అదే వేడి బయటికి పోవాలంటే గాలి అంత ఎక్కువ తోలాలి. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైందని ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకుంది. అలాంటి ఎండలో, ఏసీ మీద, సిగ్నల్ దగ్గర ఫ్యాన్ ఆగట్లేదంటే అది కష్టపడుతోందని అర్థం. ఏసీ ఆపి, నీడలో ఇంజిన్ నడుస్తుండగా ఐదు నిమిషాలు చూశాక మాట్లాడండి.

కూలెంట్ తగ్గినా ఫ్యాన్ తిక్కగా ప్రవర్తిస్తుంది. సెన్సర్ నీళ్ళలో కాక ఆవిరిలో ఉండిపోతుంది. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు సీసాలో గీత చూడండి. వేడి మీద మూత తియ్యొద్దు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపే ఆ నీళ్ళు 100 దాటినా మరగకుండా ఉంటాయి, మూత వదులైన క్షణం మొహాన చిమ్ముతాయి.

సనాయాలో కొందరు ఫ్యాన్‌కి విడిగా ఒక స్విచ్ పెట్టి "నువ్వే వేసుకో, నువ్వే ఆపుకో" అంటారు. పాతిక దిర్హమ్‌లకో రెండు దినార్లకో పని అయిపోయినట్టుంటుంది. నా మాటగా చెప్తున్నా, వద్దు. ఒక్కరోజు వెయ్యడం మర్చిపోతే ఆ ఇంజిన్ ఖరీదు మీ పేరు మీదే రాస్తారు.

రాత్రికి బ్యాటరీ కాపాడుకోవాలంటే తాళం తీసి, ఇంజిన్ చల్లారాక ఫ్యాన్ రిలే తీసి డ్యాష్‌బోర్డు మీద కనపడేలా పెట్టండి, పొద్దున స్టార్ట్ చేసే ముందు మళ్ళీ పెట్టండి. రిలే లేకుండా బండి కదపకండి. వీడియో తీసి బాబాకి అప్పుడే పంపండి, ఫ్యాన్ చప్పుడూ, తీసిన తాళమూ, టైమూ కనపడేలా. కువైట్‌లో అయితే "బాంకా" అన్నా అర్థమవుతుంది, అది మన పంఖానే సముద్రం దాటి వెళ్ళింది. గ్యారేజీలో స్కానర్ మీద వచ్చిన కోడ్‌ని కూడా ఫొటో తీసుకుని ఉంచుకోండి, పాత రిలేని పారేయకుండా సంచిలో వేసుకోండి.