సాగరగర్భమున ఒరిస్కనీ నౌక

2006వ సంవత్సరము మే నెల 17వ తేదీ ఉదయమున, అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమునకు చెందిన పెన్సకోలా తీరమునకు సుమారు 24 మైళ్ల దూరములో, మెక్సికో సింధుశాఖయందు, ఒక పెద్ద విమానవాహక యుద్ధనౌకను దాని యజమానులే ముంచివేసిరి. ఆ నౌక పేరు ఒరిస్కనీ. పొడవు 900 అడుగులకు పైబడినది. లోపల అమర్చిన మందుగుండు ప్రేలిన పిదప 37 నిమిషములలో నౌక వెనుకభాగము ముందుగ క్రుంగి, ముక్కు ఆకాశమునకెత్తి, తుదకు 212 అడుగుల లోతున ఇసుకమీద నిటారుగ కూర్చున్నది. ఒకప్పుడు ఆ నౌకపై కొలువు చేసిన నావికులు వృద్ధులై, పడవలలో దూరముగ నిలిచి ఆ దృశ్యమును చూచిరి. శత్రువులు ముంచలేకపోయిన ఓడను స్వజనులు ముంచిరి. ఎందుకు ముంచిరి, మునిగిన పిదప దానికడకు మనుష్యులెట్లు పోవుచున్నారు అను రెండు విషయములు ఇచట వ్రాయదలచితిని. రెండవదానిలో మన గుంటూరు, కాకినాడల ప్రసక్తి కూడ కలదు.

అమెరికా స్వాతంత్ర్యసమరమున 1777లో న్యూయార్కు ప్రాంతమున జరిగిన ఒక యుద్ధము పేరు ఈ నౌకకు పెట్టిరి. 1944 మే నెలలో నిర్మాణమారంభమై, 1945 అక్టోబరులో నీటిలోనికి దిగునప్పటికి రెండవ ప్రపంచయుద్ధము ముగిసినది. సగము కట్టిన ఓడ కొంతకాలము రేవులో పడియుండెను. జెట్ విమానములకు తగినట్లు మార్చి 1950లో నౌకాదళమున చేర్చిరి. కొరియా యుద్ధములోను, పిమ్మట వియత్నాము యుద్ధములోను అది పాల్గొనెను.

1966 అక్టోబరు 26వ తేదీన టాంకిన్ సింధుశాఖలో నున్నపుడు నౌకలో అగ్నిప్రమాదము సంభవించెను. రాత్రివేళ నేలను వెలిగించుటకు విమానములనుండి జారవిడుచు మెగ్నీషియం దివిటీ ఒకటి పొరపాటున అంటుకొనగా, దానిని పట్టుకొనియున్న నావికుడు బెదరి, అట్టి దివిటీలే నిల్వయున్న గదిలోనికి విసరివైచెను. సముద్రములోనికి విసరియుండిన ఈ కథయే వేరు. 44 మంది మరణించిరి. వారిలో పలువురు విమానచోదకులు. పెక్కుమంది నిప్పువలన గాక పొగవలన, గాలి యాడక ప్రాణములు విడిచిరి. తోడి నావికులు బాంబులను చేతులతో దొర్లించి సముద్రములో పారవేయకుండిన నౌక మిగిలియుండెడిది కాదు. సరిగా ఏడాదికి, 1967 అక్టోబరు 26నాడే, ఈ నౌకనుండి ఎగిరిన జాన్ మెకెయిన్ అను చోదకుని విమానమును హనోయి నగరముపై కూల్చిరి. ఆయన 1973వరకు ఖైదులో నుండి, 2008లో అమెరికా అధ్యక్షపదవికి పోటీచేసెను.

1976లో ఒరిస్కనీకి విశ్రాంతి నిచ్చిరి. 1995లో తుక్కుక్రింద అమ్మిరి గాని, కొన్నవారు పని సాగింపలేకపోవుటచే 1997లో ఒప్పందము రద్దయ్యెను. పాత యుద్ధనౌకను వదలించుకొనుట పాత ఇల్లు పడగొట్టుటవంటిది కాదు. ఆస్‌బెస్టాసు, సీసపు రంగులు, చమురు, విషరసాయనములు అందు నిండియుండును. మన విక్రాంత్ బొంబాయిలో కొన్నేండ్లు ప్రదర్శనశాలగా నుండి 2014లో తుక్కయ్యెను. విశాఖపట్టణపు ఒడ్డున కురుసుర జలాంతర్గామి 2002నుండి ప్రదర్శనశాలగా నిలిచియున్నది. అట్టి భాగ్యము కొన్నింటికే. ఒరిస్కనీకి లభించినది మూడవ మార్గము: చేపలు చేరుటకు సముద్రములో కృత్రిమమైన దిబ్బగా ముంచుట.

మెక్సికో సింధుశాఖ అడుగున విస్తారమైన ఇసుక మైదానము కలదు. అట్టిచోట గట్టివస్తువు ఏది పడినను నాచు, గుల్లలు పట్టును. వాటిని వెదకుచు చిన్నచేపలు, వాటిని వెదకుచు పెద్దచేపలు వచ్చును. ఈ సంగతి మన బెస్తలకు చదువు లేకయే తెలియును. అయితే ఏది పడవేసినను దిబ్బయగునని తలచుట అవివేకము. 1970 ప్రాంతములలో ఇదే ఫ్లారిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ ఎదుట సుమారు 20 లక్షల పాత మోటారు టైర్లను సముద్రములో దింపిరి. కట్లు తెగి, అవి అలలకు దొర్లి, ప్రక్కనున్న నిజమైన ప్రవాళములనే నాశనము చేసినవి. ఇప్పటికిని వాటిని ఏరుచున్నారు.

ఒరిస్కనీ విషయమున చమురు మొదలైనవి తొలగించిరి. కాని విద్యుత్తీగెల తొడుగులలో ఇమిడియున్న పి.సి.బి. అను రసాయనము సుమారు 700 పౌనులు అందే విడిచిరి. అది మెల్లగా మాత్రమే నీటిలోనికి వచ్చునని లెక్కలుగట్టి, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2006 ఫిబ్రవరిలో అనుమతి నిచ్చెను. తొలి సంవత్సరములలో అచట పట్టిన కొన్ని చేపలలో ఆ రసాయనము పరిమితిని మించి కనబడినది. పైగా తుక్కుచేసిన వచ్చెడి ఉక్కు, రాగి, అల్యూమినియము సముద్రము పాలైనవి. నౌకను వదలించుకొనుటయే అసలు పని, దిబ్బ అనునది దానికి తొడిగిన మంచి పేరు అని విమర్శించినవారి మాట పూర్తిగా త్రోసిపుచ్చదగినది కాదని నా అభిప్రాయము. తరువాత ఫారెస్టల్ మొదలైన విమానవాహక నౌకలను ముంచలేదు; తుక్కుకే ఇచ్చిరి. ఫారెస్టల్‌ను 2013లో అమ్మిన ధర ఒక్క సెంటు!

ఇక రెండవ విషయము. ప్రతి 33 అడుగుల లోతునకు సముద్రజలపీడనము ఒక వాతావరణపు పీడనమంత పెరుగును. 212 అడుగులలో అది భూమిమీది పీడనమునకు సుమారు ఏడున్నర రెట్లు. అచట పీల్చుగాలి కూడ అంత ఒత్తిడి కలదై యుండవలెను. లేనిచో రొమ్ము విచ్చుకొనదు. ఒత్తిడి గాలిలోని నత్రజని నెత్తురులోను కండలలోను కరగిపోవును. మనుష్యుడు ఒక్కుమ్మడిగ పైకి వచ్చినచో ఏమగునో గోలీసోడా చూచినవారెవరైనను చెప్పగలరు. గోలీ నొక్కగనే నీటినిండ బుడగలు లేచును. అట్టి బుడగలు కీళ్లలోను వెన్నుపాములోను లేచిన నొప్పి, పక్షవాతము, మరణము సంభవించును. బ్రూక్లిను వంతెన పునాదులలో ఒత్తిడి గాలిలో పనిచేయించిన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ ఈ వ్యాధిచే మంచము పట్టగా, ఆయన భార్య ఎమిలీ ఆ పనిని దగ్గరనుండి నడపించెను. వంతెన 1883లో ముగిసినది. నత్రజని బుడగలే దీనికి కారణమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ 1878లో ప్రకటించియుండెను. అధికపీడనమున ప్రాణవాయువే విషమై మూర్ఛలు కలిగించునని చూపినదియు ఆయనే.

కారణము తెలిసెను గాని ఎంత నెమ్మదిగ పైకి రావలెనో ఎవరికిని తెలియలేదు. దానిని తేల్చినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. బ్రిటిషు నౌకాదళము కోరికపై ఆయన 85 మేకలను ఇనుపగదిలో నుంచి, ఒత్తిడి పెంచి తగ్గించి పరీక్షించెను. నొప్పి కలిగిన మేక ముందుకాలెత్తి నిలిచెడిది. అదియే ఆయనకు కొలమానము. పీడనము సగమునకు తగ్గువరకు శీఘ్రముగ రావచ్చును, అచటనుండి మెట్టుమెట్టునకు ఆగుచు రావలెను అని ఆయన నిర్ణయించెను. 1906లో స్కాట్లండు తీరజలములలో డామెంట్, కాట్టో అనువారు ఈ పద్ధతి ననుసరించి 35 బారలు, అనగా 210 అడుగులు, దిగి క్షేమముగ పైకి వచ్చిరి. ఒరిస్కనీ అడుగునకు ఇంచుమించు సరిగా అంతే లోతు! 1908లో ఆ పట్టికలు ప్రకటితమయ్యెను. తరువాత ఆ డామెంటే, 1917లో ఐర్లండు తీరమున మునిగిన లారెంటిక్ నౌకనుండి 3,211 బంగారు కడ్డీలలో 25 తప్ప తక్కినవన్నియు 1924 నాటికి పైకి తీయించెను.

ఆ స్కాట్లండు పరీక్షల సమయమున హాల్డేన్ తన పదుమూడేండ్ల కుమారునికి కూడ లోహపు శిరస్త్రాణము తొడిగి నీటిలోనికి దింపెను. దుస్తు వదులై నీరు లోపలికి కారినది గాని బాలుడు జంకలేదు. అతడే జె. బి. ఎస్. హాల్డేన్. 1939 జూన్ 1న థేటిస్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోగా, దాని కారణములు తెలిసికొనుటకు ఆయన తన శరీరమునే పరీక్షాద్రవ్యము చేసికొనెను. ఇనుపగదిలో ఒత్తిడి ప్రాణవాయువు పీల్చి మూర్ఛపోయెను. వెన్నెముకకు దెబ్బతగిలి బాధ శాశ్వతమయ్యెను. 1957లో భారతదేశమునకు వచ్చి, ఈ దేశపు పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున మరణించెను. ఆయన కోరిక ననుసరించి భౌతికకాయమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఇచ్చిరి. ఆయన అస్థిపంజరము అచట భద్రముగ నున్నది. మన సంఘములోని కాకినాడవారు ఈసారి ఇంటికి పోయినపుడు చూచి రాదగును.

లోతున మరియొక శత్రువు కలదు. వందయడుగులు దాటినకొలది ఒత్తిడి నత్రజని కల్లు త్రాగినట్లు మత్తెక్కించును. తెలివైనవాడు గడియారము చూచియు కాలము గ్రహింపలేడు. ఈ మత్తు నత్రజనిదేనని అమెరికా వైద్యుడు బెన్కె 1935లో తెలిపెను. నత్రజనికి బదులు హీలియము కలిపిన మత్తుండదు. థేటిస్ మునుగుటకు తొమ్మిదిరోజుల ముందు, 1939 మే 23న, 240 అడుగుల లోతున మునిగిన స్క్వాలస్ జలాంతర్గామిని పైకి తీయునపుడు హీలియము పీల్చినవారు మతిస్థిమితముతో పనిచేసిరి.

ఆ హీలియము కథ మన గడ్డతో ముడిపడినది. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో విడిసెను. సూర్యుని చుట్టునున్న జ్వాలల వెలుగును విడదీసి గీతలు చూచి, మరునాడు గ్రహణము లేకయే వాటిని చూచు ఉపాయము కనిపెట్టెను. ఆనాటి పరిశీలకులకు కనబడిన పచ్చని గీతను సోడియముదని తలచిరి. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అది సోడియముది కాదని చూపెను. సూర్యుని పేరనే దానికి హీలియమను నామము కలిగెను. 1895లో రాంసే భూమిమీద దానిని పట్టుకొనెను. గుంటూరులోనే హీలియమును కనుగొనిరని కొందరు గర్వముతో వ్రాయుచుందురు, అది అతిశయోక్తి. ఆ శోధనకు దారి తెరచిన గ్రహణము గుంటూరు ఆకాశమున పట్టినది అనుట సత్యము, అంతమాత్రము చాలును.

నౌకాదళముల రహస్యమైయుండిన ఈ విద్య క్రమముగ స్వంతవ్యయముతో దిగు సాహసికులకు అలవడెను. దీనికి సాంకేతిక నిమజ్జనము అని అర్థమిచ్చు ఆంగ్లనామమును 1991లో మైకేల్ మెండూనో అను పత్రికాసంపాదకుడు ప్రచారములోనికి తెచ్చెను. ఒరిస్కనీ అడుగునకు దిగువారు ప్రాణవాయువు నూటికి 18 పాళ్లు, హీలియము 45, తక్కినది నత్రజనిగా గల మిశ్రమమును పీల్చిన, 212 అడుగులలో నుండియు వారికి కలుగు మత్తు మామూలు గాలితో 80 అడుగులలో కలుగునంతయే. ఇరువది నిమిషములు అడుగున గడపినచో పైకి వచ్చుటకు దానికి రెండు మూడు రెట్ల కాలము పట్టును. 70 అడుగులలో ప్రాణవాయువు సగముగల మిశ్రమమునకు, 20 అడుగులలో శుద్ధ ప్రాణవాయువునకు మారుదురు. సీసాలు తారుమారైనచో, పాల్ బేర్ చెప్పిన మూర్ఛ నీటిలోనే వచ్చును. అందుచే ప్రతి సీసాపైన లోతు పెద్ద అంకెలతో వ్రాసి, సహచరునికి చూపి మరీ పీల్చుదురు.

మామూలు గజయీతగాండ్రకు హద్దు 130 అడుగులు. నౌక మునిగినపుడు విమానములు దిగు పైతట్టు సుమారు 135 అడుగులలో నుండెను. 2008లో గుస్టావ్ తుపాను నౌకను మరి పది అడుగులు ఇసుకలోనికి దింపుటచే నేడు 145 అడుగులయ్యెను. వినోదమునకు వచ్చువారు పైకి పొడుచుకొనియున్న గోపురమును చుట్టివచ్చి తృప్తిపడవలెను. పైతట్టునకు దిగువనున్న విశాలమైన విమానశాలలోనికి పోవుటకు శిక్షణ, దారికి కట్టుకొను త్రాడు, రెండేసి దీపములు కావలెను. ఒక్క కాలితాపునకు లేచు బురద కన్ను కానరాకుండ చేయును. 1966లో ఆ దివిటీలు మండినది ఈ విమానశాల ముందరి భాగముననే. ఆనాడు గాలి చాలక మనుష్యులు చచ్చినచోట నేడు ఎముకలేని గుల్లలు గోడలనిండ పట్టియున్నవి, ఎఱ్ఱని స్నాపరు చేపలు గుంపులుగా తిరుగుచున్నవి. లోపలికి పోవువాడు వీపుననున్న గాలిలో మూడవవంతు మాత్రము పోవుటకు, మూడవవంతు వచ్చుటకు వాడి, తక్కిన మూడవవంతును ముట్టక ఆపదకై ఉంచుకొనును.