అవతలి ఒడ్డుకి

లియుకు పట్నం వదిలి ఉత్తరంగా రెండు గంటల ప్రయాణం అయింది. పది కావస్తోంది, నది మీద ఇంకా ఎండ పడలేదు. దేశమంతటికీ బీజింగ్ గడియారమే కాబట్టి ఈ యునాన్ పడమటి మూలలో డిసెంబరు పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది. పొడిచినా, తూర్పున బీలువో కొండల వరస దాటుకుని రావాలి. ఎదురుగా గావోలిగోంగ్ శిఖరాల మీద వెలుగు పడింది. అడవి మీదుగా, చేల మీదుగా మెల్లగా కిందికి దిగుతోంది. అడుగున, నీడలోనే, పచ్చల రంగులో నూజియాంగ్ ఉరుకుతోంది.

చైనా లిపిలో ఆ నది పేరు రాసే అక్షరానికి కోపం అని అర్థం. అయితే ఆ పేరు ఈ ఒడ్డున ఉండే నూ తెగ వారిది. వానాకాలంలో ఎర్రమట్టి కలిపి పొంగుతున్నప్పుడు చూస్తే మాత్రం అక్షరమే నిజమనిపిస్తుంది. టిబెట్ పీఠభూమిలో పుట్టి, ఈ ఇరుకు లోయ దాటి, మయన్మార్‌లో థాన్‌ల్విన్ పేరుతో పారి, మౌల్‌మీన్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకనాడు మన తీరం నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన కూలీలు దిగిన రేవుల్లో మౌల్‌మీన్ ఒకటి. ఆ తెలుగువాళ్ళు నదీముఖంలో చూసిన నీళ్ళు ఇవే. ఆ మాట గుర్తొచ్చి రాళ్ళ మీదుగా దిగి వెళ్ళి నీళ్ళలో చెయ్యి పెట్టాను. వేళ్ళు కొంకర్లు పోయాయి.

రోడ్డు పక్క లీసు తెగ అవ్వ ఒకామె కూర్చుని ఉంది. వీపున వెదురు బుట్ట, దాని పట్టీ నుదుటికి. బుట్టనిండా మొక్కజొన్న కంకులు. మా వ్యాను డ్రైవరు కూడా లీసువాడే, ఆమెతో మాట్లాడి నాకు చైనీసులో చెబుతున్నాడు. కొండమీది ఊరి నుంచి వాళ్ళని కిందికి తెచ్చి అపార్ట్‌మెంట్లలో పెట్టారట. ఈ లోయలో అలా దిగివచ్చినవాళ్ళు లక్ష దాకా ఉంటారు. ఇల్లు బాగుంది, కుళాయి ఉంది, ఆసుపత్రి దగ్గర. కానీ చేను పైనే ఉండిపోయింది. అవ్వ వేలు పెట్టి చూపించింది. గోడకి అంటించిన కాగితంలా, కొండవాలున ఒక పచ్చని ముక్క. అక్కడ నిలబడటమే కష్టం, ఆవిడ అక్కడ ముసలితనందాకా నాట్లేసింది, కలుపు తీసింది.

ఇంకాస్త ముందుకెళితే తీగ. నది మీద ఉక్కు తాళ్ళు రెండు. ఒకటి ఇటునుంచి అటు వాలుగా, రెండోది అటునుంచి ఇటు వాలుగా. వెళ్ళడానికొకటి, రావడానికొకటి. పూర్వం వెదురు పేళ్ళతో పేనిన తాడు, కొయ్య గిలక. ఇప్పుడు వంతెనలు వచ్చేశాయి, తీగలు చాలావరకు తీసేశారు. ఇది ఉంచారు.

తీగ దగ్గరున్న మనిషి నా నడుము కింద, తొడల కింద మందపాటి పట్టీలు బిగించి, కొక్కేలు గిలకకి తగిలించాడు. తాడుని చేత్తో పట్టుకోవద్దన్నాడు. వెనక ఆయన ఎక్కాడు. పాదాలు నేల వదిలాయి.

గిలక అరుపు. చెవుల్లో గాలి. కింద తెల్లటి సుడులు, అంతలోనే నల్లటి బండ. నది మధ్యకి వచ్చేసరికి కిందనుంచి చలి పైకి తన్నింది. ఊపిరి బిగబట్టాను. ఒడ్డు మీదికొస్తోంది. ఆయన గడ్డి చుట్టని తాడుకేసి నొక్కాడు, కమురు వాసన వచ్చింది, వేగం తగ్గింది. నిమిషం కూడా పట్టలేదు. ఈ దారినే పిల్లలు బడికెళ్ళారు. సంచిలో కట్టిన పంది వెళ్ళింది. నొప్పులొచ్చిన ఆడమనిషిని ఒళ్ళో పెట్టుకుని ఎవరో దాటించి ఉంటారు. అవతలివాళ్ళు చెయ్యి ఊపితే కనబడతారు, పిలిస్తే హోరులో వినబడరు, అంత దూరం. వంతెనలు చాలా ముందే రావలసింది.

ఈ లోయలో 13 ఆనకట్టలు కట్టాలని 2003లో ప్రతిపాదించారు. శాస్త్రవేత్తలూ పర్యావరణవాదులూ పోరాడారు, 2004లో ప్రధాని వెన్ జియాబావో ఆపించారు. మూడు నదులు పక్కపక్కనే పారే ఈ ప్రాంతానికి యునెస్కో గుర్తింపు వచ్చింది కూడా 2003లోనే. అందుకే ఇవాళ నా కాళ్ళ కింద ఆ హోరు ఇంకా వినిపించింది. అందుకు పోరాడినవాళ్ళకి నేను రుణపడి ఉన్నాను.

సాయంత్రానికి మలుపు మీద మలుపు తిరిగి లావోముదెంగ్ ఊరు చేరాం. అంచున చర్చి, దాని వెనక లోయ అంతా ఖాళీ. లోపల బల్బు వెలుగులో ఓ ముప్ఫై మంది, పొలం బట్టల్లోనే క్రిస్మస్ పాటలు సాధన చేస్తున్నారు. వాళ్ళు నూ తెగవారు, పాట లీసు భాషలో. పక్కావిడ పుస్తకం నా వైపు జరిపింది. రోమన్ పెద్దక్షరాలు, కొన్ని నిటారుగా, కొన్ని తలకిందులుగా. వంద ఏళ్ళ కిందట సారా బా థా అనే కరెన్ బోధకుడు మొదలుపెడితే, మిషనరీ జేమ్స్ ఫ్రేజర్ సరిదిద్దిన లిపి అది.

వాయిద్యం లేదు. ఆడవాళ్ళు ఎత్తుకున్నారు, మగవాళ్ళు అడుగు స్వరంలో అందుకున్నారు. నాలుగు గొంతుకలు నాలుగు దారుల్లో వెళ్ళి ఒకచోట కలుసుకున్నాయి. ఒకావిడ ఒళ్ళో పిల్లవాడు ఆ హోరులోనే నిద్రపోయాడు.

పాట అయ్యాక టార్చిలైట్లు వెలిగాయి. కొన్ని పైకి, కొన్ని కిందికి. పుస్తకం చూపించినావిడ గుమ్మంలో ఆగి, నాకు తెలిసిన చైనీసులో అంది: "మన్ మన్ జౌ." నిదానంగా వెళ్ళమని. చీకట్లో నా కాళ్ళ ముందు మెట్ల మీదికి లైటు తిప్పి, నేను కిందికి దిగేదాకా పట్టుకుని నిలబడింది.