ఈజ్‌మెంటు: దారి హక్కు, నీటి హక్కు

ఒకరి నేలను మరియొకరు తమ నేల సుఖానుభవమునకై పరిమితముగ వినియోగించుకొను అధికారమునకు న్యాయశాస్త్రమున ఈజ్‌మెంటు అని పేరు. దారి హక్కు గలవాడు ఆ దారిన నడవవచ్చునే గాని అచట గోడ కట్టరాదు. నేల యజమానియు ఆ నడక కడ్డు రారాదు.

పొరుగువారి నేల తగవు మనకు క్రొత్త గాదు. మనువు పేర్కొన్న పదునెనిమిది వ్యవహారపదములలో సీమావివాద మొకటి; 13వ శతాబ్దమున మూలఘటిక కేతన రచించిన విజ్ఞానేశ్వరీయముతో అట్టి ధర్మశాస్త్రము తెలుగు పద్యమున కెక్కెను. ఈజ్‌మెంటును ప్రత్యేక శాసనముగ గూర్చినది మాత్రము 1882 నాటి ఐదవ చట్టము. అది తొలుత మద్రాసు రాజధానికిని, మధ్యపరగణాలకును, కూర్గునకును వర్తించెను. నిజాము రాజ్యము దాని పరిధికి వెలుపల నుండెను.

ఆ చట్టము 15వ సెక్షను ననుసరించి, 20 ఏండ్లు బహిరంగముగ, శాంతముగ, అంతరాయము లేక, హక్కుగా నడచిన దారి హక్కై నిలుచును; ప్రభుత్వ భూమియైనచో 30 ఏండ్లు కావలెను. పొరుగువాని దయచే నడచిన దారి ఎన్నేండ్లు గడచినను హక్కు గాజాలదు. ఒకే భూమిని ముక్కలుగ విక్రయించినపుడు లోపలి ముక్కకు వేఱు దారి లేనిచో, ముందరి ముక్క మీదుగ దారి విడువవలయునని 13వ సెక్షను విధించును. వేఱు దారి దొరకిననాడు ఆ హక్కు తొలగును.

హైదరాబాదు తూర్పున ఈ సూత్రమునకు ప్రాణము కలదు. దిల్‌సుఖ్ రాం పర్షాద్ అను జాగీర్దారు పొలములు ప్లాట్లుగా విడివడి ఆయన పేరిటనే దిల్‌సుఖ్‌నగర్ ఆయెను. లాల్ బహదూర్ శాస్త్రి పేరు గల ఎల్.బి.నగర్, చెంతనున్న గడ్డిఅన్నారం పురపాలక సంఘములు 2007లో మహానగరమున విలీనమయ్యెను. 2018లో మెట్రో రైలు ఎల్.బి.నగర్ చేరెను. రైతులు ఒకరి చేను మీదుగ నొకరు పోయిన బండ్లబాటల నేలకు గజముల లెక్కన వెల కట్టిననాడు, పాత నడక ఎవరి హక్కను ప్రశ్న ప్రతి గల్లీలోను తలయెత్తకుండునా!

నీటి సంగతి అంతకన్న గంభీరము. ఎగువ నేలపై పడిన వాన స్వాభావికముగ దిగువకు పోవుట 7వ సెక్షను గుర్తించిన సహజాధికారము. కాగితముపై విక్రయించినంత మాత్రమున పల్లము మెట్ట గాదు. 2020 అక్టోబరు వానలలో సరూర్‌నగర్ చెఱువు దిగువ కాలనీలు నీట మునుగుట యెల్లరు ఎఱిగినదే. నీరు పోవు త్రోవను మూసి కట్టిన కట్టడము కేవలము ఆక్రమణ గాదు, పొరుగువాని హక్కుకు భంగమే యని నా నిశ్చితాభిప్రాయము.

ఇల్లు గాని ప్లాటు గాని కొనువారు దస్తావేజు హద్దులలో "రోడ్డు" అను ఒక్క మాటతో తృప్తి చెందక, ఆ దారి వెడల్పును, దానిపై తమకు గల నడక హక్కును, నీరు పోవు త్రోవను స్పష్టముగ వ్రాయించుకొందురు గాక.