గడ, తాడు, గుడారము: విపత్తుల పిమ్మట సర్కసు కళ

తుపాను వెడలిపోయిన మరునాడు ప్రభుత్వోద్యోగులు ఊరిలోనికి వచ్చి లెక్కలు వ్రాసికొందురు. కూలిన ఇండ్లెన్ని, చచ్చిన పశువులెన్ని, కొట్టుకొనిపోయిన పడవలెన్ని, ఇసుక మేటవేసిన పొలమెన్ని యెకరములు అని విచారింతురు. ఈ లెక్క అవసరమే. కాని ఈ పట్టికలోనికి ఎక్కని నష్టమొకటి కలదు. గాలి హోరు వినగానే తల్లి కొంగు పట్టుకొను పిల్లవాడు, బడికి వచ్చియు నోరు విప్పని బాలిక, ఏటి వైపు చూడనొల్లని వృద్ధుడు - వీరు పోగొట్టుకొన్నదానిని ఏ కొలతతో కొలువగలము? దానిని తిరిగి కూర్చుటకు ప్రపంచమున పలుచోట్ల వాడుచున్న సాధనములలో సర్కసు కళ ఒకటి. వినుటకు వింతగా తోచు ఈ విషయమునకు ఒక చరిత్ర ఉన్నది. అందు మన తెలుగుదేశమునకును భాగము కలదు.

పెన్న గట్టున

నెల్లూరునకు ఎదురుగా, పెన్నకు ఉత్తరపు గట్టున కోవూరు ఉన్నది. పడమటినుండి వచ్చు ఏరు, తూర్పుననున్న సముద్రము - ఈ ప్రాంతమునకు అన్నము పెట్టునవియు అవే, అపాయము తెచ్చునవియు అవే. 1927 నవంబరులో నెల్లూరు ప్రాంతమును, 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతమును, 1989 నవంబరులో కావలి ప్రాంతమును పెనుతుపానులు తాకినవి. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరపు పల్లెలపై విరుచుకొనిపడినది. ఆంధ్ర తీరమంతటను కలిపి వందమందికి పైగా మరణించిరి. 2021 నవంబరులో, పెన్నకు ఉపనదియైన చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. ఆ దినములలోనే పెన్నకు వచ్చిన పెనువరద కోవూరు ప్రక్కనున్న పడుగుపాడు వద్ద రైలుమార్గమును కోసివేసినది.

ఈ తేదీలను వరుసగా చూచినచో, ఇంచుమించు అన్నియు నవంబరు నెలలోనివే. అనగా, ఒకసారి దెబ్బతిన్న పిల్లవానికి ఏటేట అదే కారుమబ్బు, అదే గాలి మరల ఎదురగుచుండును. భయము మానకముందే దానిని తట్టిలేపు కాలము తిరిగి వచ్చుచుండును. కనుక ఇచ్చట మనస్సును నిలబెట్టు ప్రశ్న ఒక్క ఏటితో తీరునది కాదు.

దొమ్మరిగడ

సర్కసు అను మాట మనకు రాకముందే ఆ విద్య మనకు ఉన్నది. ఊరి నడుమ పొడవైన వెదురుగడను నాటి, మోకులతో బిగించి, డోలు వాయించుచుండగా దొమ్మరిసాని గడనెక్కి కొసపై బొర్లగిలపడి గిరగిర తిరిగెడిది. మగవారు పిల్లిమొగ్గలు వేసెడివారు. పిల్లలు బిగించిన తాడుపై నడచెడివారు. 13వ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములో శ్రీశైల యాత్రికుల వినోదములను వర్ణించుచు, గడలపై ఆడువారిని కూడ పేర్కొనెను. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణ భారత కులముల గ్రంథములోను దొమ్మరుల విద్యలు వివరింపబడినవి.

ఇందు మన విషయమునకు ముఖ్యమైన దొకటి కలదు. వానలు లేక చేలు ఎండినపుడు దొమ్మరిసానిచే గడ నెక్కించినచో వానలు కురియుననియు, పంటలు పండుననియు కొన్ని ఊళ్లలో నమ్మకముండెడిది. గడ ఎక్కుటకును వాన పడుటకును సంబంధము లేదని విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు. వాన ఋతుపవనములవలన వచ్చునుగాని వెదురువలన రాదు. అయినను, ఆ ఆటవలన జరిగిన పని ఒకటి ఉన్నది. కరవుచే కుంగి, ఎవరింట వారు ముడుచుకొని కూర్చున్న జనము ఒక్కచోట చేరిరి. అందరును ఒకే కొసవైపు తలయెత్తి చూచిరి. ఆమె క్షేమముగా దిగగానే అందరును ఒకేసారి ఊపిరి విడిచిరి. ఆపదలో ఊరిని ఊరుగా నిలుపు సాధనముగా ఈ విద్య మనవారికి ఎప్పటినుండియో తెలియునన్నమాట.

ఆ విద్య కలవారి బ్రతుకు మాత్రము సుఖముగా సాగలేదు. 1871లో ఉత్తర హిందూదేశమున మొదలై, 1911 చట్టముతో మద్రాసు రాజధానికిని వచ్చిన నేరస్థ జాతుల చట్టము సంచారులనందరిని అనుమానముతో చూచుట నేర్పినది. 1952లో అది రద్దయినను అనుమానము వెంటనే రద్దు కాలేదు.

గుడారములోని సర్కసు

గుండ్రని బరిలో చూపు నేటి సర్కసు 1768లో లండనులో ఫిలిప్ ఆస్ట్లీ అను గుఱ్ఱపు రౌతుతో ఆరంభమైనది. 1879లో ఇటలీవాడైన కియారిని సర్కసు బొంబాయికి రాగా, దానిని చూచి విష్ణుపంత్ ఛత్రే 1880లో మన దేశమున తొలి సర్కసు నెలకొల్పెను. కేరళలోని తలశ్శేరిలో కీలేరి కుంజికణ్ణన్ సర్కసు విద్యను క్రమముగా బోధించెను. తెలుగువారిలో వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు తన బలప్రదర్శనలతో, సర్కసుతో దేశమంతట పేరు గాంచెను.

విపత్తుల మానసిక వైద్య చరిత్రలో ఒక విచారకరమైన ఘట్టమునకు సర్కసే రంగమైనది. 1981 ఫిబ్రవరి 7న బెంగుళూరులో వీనస్ సర్కసు గుడారము అంటుకొని తొంబదిమందికి పైగా మరణించిరి; వారిలో పెక్కురు పిల్లలు. చనిపోయినవారి బంధువుల దుఃఖమును ఆ నగరమునందలి నిమ్‌హాన్స్ వైద్యులు పరిశీలించి, 1987లో ఫలితములను ప్రకటించిరి. విపత్తు శరీరమునేగాక మనస్సునుకూడ గాయపరచునని మన దేశమున శాస్త్రీయముగా గమనించిన తొలి ప్రయత్నములలో ఇది యొకటి. పిమ్మట 1984 నాటి భోపాల్ విషవాయువు, 1999 నాటి ఒరిస్సా తుపాను, 2001 నాటి గుజరాతు భూకంపము, 2004 నాటి సునామీ - ఒక్కొక్క విపత్తుతో ఈ జ్ఞానము పెరిగినది. గ్రామ కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట, పిల్లలతో ఆటల ద్వారా, బొమ్మల ద్వారా పనిచేయుట అలవాటైనది.

శరణార్థుల శిబిరములలో

సర్కసును ఈ పనికి పూనుకొని వాడిన ఉదాహరణలు 1990 తర్వాత పెరిగినవి. 1993లో స్పెయిన్ దేశపు విదూషకుడు టోర్టెల్ పోల్ట్రోనా, బార్సిలోనా నగరపు బడిపిల్లల ప్రోత్సాహముతో, క్రొయేషియాలోని శరణార్థుల శిబిరమునకు వెళ్లి ఆడెను. అక్కడి పిల్లలు తమకు నవ్వు కరవైనదని తెలుపుటయే దీనికి కారణము. దానినుండి ‘సరిహద్దులు లేని విదూషకులు’ అను సంస్థ పుట్టినది.

కంబోడియాది ఇంకను లోతైన కథ. యుద్ధమువలన థాయిలాండు సరిహద్దు శిబిరములో పెరిగి, ఒక ఫ్రెంచి ఉపాధ్యాయినివద్ద చిత్రలేఖనము నేర్చిన తొమ్మిదిమంది యువకులు స్వదేశము చేరి, 1994లో బట్టంబాంగ్‌లో ‘ఫార్ పొన్లూ సెల్పాక్’ అను కళాశాలను స్థాపించిరి. 1998లో అందు సర్కసు పాఠశాల వెలసినది. ఇచట బాధితులు ప్రేక్షకులుగా మిగిలిపోలేదు. విద్యార్థులైరి, కళాకారులైరి, తరువాత గురువులైరి. 2002లో ఆఫ్గనిస్థానమున పిల్లలకొరకు సంచార సర్కసు ఆరంభమైనది. నేపాలులో, సర్కసులకు అమ్ముడుపోయి విడిపింపబడిన యువతీయువకులు చేరి ‘సర్కస్ కాఠ్మండు’ బృందముగా ఏర్పడిరి. 2015 ఏప్రిల్ 25 నాటి భూకంపము పిమ్మట వారు సహాయకార్యములలో పాల్గొనిరి. తమకు కష్టము తెచ్చిన విద్యతోనే ఇతరుల కష్టములో నిలబడుట వీరి గొప్పదనము.

ఇది ఎట్లు పనిచేయును?

తాడుపై నడచువాడు చేత పొడవైన గడను పట్టుకొనుట మీరు చూచియుందురు. ఆ గడ జడత్వ భ్రామకమును పెంచును. కనుక శరీరము ఒరుగుట మందగించి, సరిదిద్దుకొనుటకు వ్యవధి చిక్కును. లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళికలలో ద్రవము కదలి, తల యెటు తిరిగినదో మెదడునకు తెలుపును. కన్ను, చెవి, కండరము - ఈ మూడు వార్తలను మెదడు క్షణక్షణము సరిచూచుకొనవలెను. అట్టి పనిలో నున్నపుడు ధ్యాస ప్రస్తుత క్షణమునందే నిలుచును.

మూడు బంతులను వంతులవారీగ ఎగురవేసి పట్టుకొనుట మరియొక ఉదాహరణము. జర్మనీ శాస్త్రజ్ఞులు 2004లో ‘నేచర్’ పత్రికలో ఒక ప్రయోగమును ప్రకటించిరి. మూడు నెలలు ఈ విద్యను అభ్యసించిన వారి మెదడులో, కదలికను గ్రహించు భాగమున బూడిదవర్ణ పదార్థము కొంత పెరిగినది. సాధన మానగానే తగ్గినది. నేర్చుకొనుటవలన పెద్దవారి మెదడు కూడ మారునని దీనివలన తెలిసినది.

మనస్సు మాట యేమి? స్టీవన్ హాబ్‌ఫాల్ మొదలగు పండితులు 2007లో, పెనువిపత్తు పిమ్మట ప్రజలకు కావలసినవి ఐదని తేల్చిరి: రక్షణ, ప్రశాంతి, తనవలన అగునను నమ్మకము, తోడు, ఆశ. మనుష్య గోపురము కట్టు పిల్లలను చూడుడు. క్రింద నిలిచినవాని భుజము కదలరాదు. పైవాడు వానిని నమ్మవలెను. ఇద్దరిని కాచుటకు మూడవవాడు ప్రక్కన నుండవలెను. నిన్న చేయలేనిది నేడు చేసితినను అనుభవము వరదలో ఏమియు చేయలేకపోయిన పిల్లవానికి చాల విలువైనది. బంతి జారిపడుట ఇందు తప్పు కాదు. వంగి తీసికొని మరల ఎగురవేయుటయే పాఠము.

హద్దులు

సర్కసు కళ ఔషధము కాదు. ఇల్లు, త్రాగునీరు, పడవ, పని - ఇవి ముందు రావలెను. ఆకలితో నున్న పిల్లవానికి బంతులిచ్చుట పరిహాసమగును. నెలలు గడచినను నిద్రపట్టనివారిని, మాటాడనివారిని వైద్యునివద్దకు పంపవలెను. జరిగినదానిని చెప్పుమని పిల్లలను నిర్బంధింపరాదు. ఒకనాటి ప్రదర్శన ఇచ్చి వెడలిపోయినచో నవ్వు మిగులునుగాని విద్య మిగులదు. మరియు పిల్లలచే సర్కసు చూపించి సొమ్ము చేసికొనుట వేరు, వారికి విద్య నేర్పుట వేరు. సర్కసు కంపెనీలలో బాలబాలికలను నియమించుటను మన సర్వోన్నత న్యాయస్థానము 2011 ఏప్రిల్ 18న నిషేధించినది.

ఈ హద్దులలో మన బడులు చేయదగిన పని చాల ఉన్నది. గుడారము అక్కరలేదు. పాతగుడ్డతో చుట్టిన బంతులు మూడు, నేలపై గీచిన సుద్దగీత యొకటి, అరమూరెడు ఎత్తున కట్టిన తాడొకటి చాలును. దీనిని వరద వచ్చిన పిమ్మట కాక, జూన్‌లో బడి తెరచినప్పుడే ఆరంభించి, వారమున కొక గంట సాగింపవలెను. నవంబరు వచ్చునప్పటికి పిల్లలకు ఒకరినొకరు పట్టుకొనుట అలవాటై యుండును. భౌతికశాస్త్రపు ఉపాధ్యాయుడు గురుత్వ కేంద్రమును, జీవశాస్త్రపు ఉపాధ్యాయుడు లోపలి చెవిని ఆ తాడువద్దనే బోధింపవచ్చును.

మరి గురువు లెవరు? గడ, మొగ్గ తెలిసిన వృద్ధులు దొమ్మరి కుటుంబములలో ఇంకను కలరు. వారి సంఖ్య తరుగుచున్నది. వారిని బిచ్చమునకు వచ్చినవారుగా గాక, వేతనమిచ్చి పిలిచిన ఉపాధ్యాయులుగా బడిలోనికి తీసికొనిరావలెను. అట్లు చేసినచో ఒకే పనివలన రెండు మేలులు కలుగును: విపత్తుపాలైన పిల్లలకు కాలు నిలుచును, ఏడువందల యేండ్లుగా మన గ్రంథములలో పేరున్న విద్యకు నీడ దొరకును.